హార్క్‌లీ రోవర్స్ అభిమానుల సంఘం, దోహా శాఖ

హార్క్‌లీ రోవర్స్ అనే రగ్బీ లీగ్ క్లబ్బుకు ఇంగ్లండు వెలుపల ఉన్న ఏకైక అభిమానుల సంఘం దోహా నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో, వేణుగోపాలరావు గారి ముందుగదిలో నడుస్తున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సభ్యులందరూ తెలుగువారే. అందరూ ఒకే కంపెనీలో ఉద్యోగులు. హార్క్‌లీ అనే ఊరు ఇంగ్లండులో ఏ మూల ఉందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. రగ్బీ ఆటను ఎవరూ కళ్ళారా చూడలేదు. నిజమైన అభిమానానికి ఇలాంటివి అడ్డు రావు.

కంపెనీ జనరల్ మేనేజర్ విట్‌వర్త్ గారు ఆ ఊళ్ళో పుట్టారు. ఆయన గదిలో కుర్చీ వెనక గోడ మీద ఆ జట్టు ఫోటో ఉంటుంది. ఆయన రాకముందు ఉన్న జి.ఎం. గోల్ఫ్ ఆడేవాడు. అప్పుడు ఇదే సంఘం, ఇదే ముందుగదిలో, ఇవే కుర్చీల్లో కూర్చుని గోల్ఫును ప్రేమించేది. వేణుగోపాలరావు గారు అప్పుడు కొన్న గోల్ఫు కర్రల మీద ఇప్పుడు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరుతున్నాయి. అంతకుముందు జి.ఎం. పావురాలు పెంచేవాడు. ఆ కాలం గురించి వేణుగోపాలరావు గారి శ్రీమతి శకుంతల గారు ఇప్పటికీ మాట్లాడటానికి ఇష్టపడరు. ఉద్యోగుల కాంట్రాక్టులు రెండేళ్ళకోసారి రెన్యూ అవుతాయి, వాటి మీద సంతకం జి.ఎం. పెడతాడు. కనుక రగ్బీ లీగ్ గొప్పతనాన్ని వేరే వివరించనక్కర లేదు.

ప్రతి గురువారం సాయంత్రం సంఘం సమావేశమయ్యేది. నితీష్ అనే కుర్ర ఇంజనీరు ముషైరిబ్‌లోని ఒక దుకాణంలో మూడు రోజుల పాత ఇంగ్లీషు పేపరు కొనుక్కొచ్చి, క్రీడల పేజీలో అడుగున అగ్గిపెట్టెంత జాగాలో పడిన వార్త చదివేవాడు. హార్క్‌లీ వారు ఎవరిని కొన్నారు, ఎవరిని వదులుకున్నారు అన్నదే వార్త. దాని మీద మూడు గంటలు చర్చ. మైదానంలో ఆ ఆటగాళ్ళు ఏం చేస్తారో తెలియకపోవడం వల్ల చర్చ ఎక్కడా ఆగేది కాదు. "గా ఎడమదిక్కు ఉరికేటోణ్ని ఎట్ల అమ్ముకున్నరు సార్? టీమ్‌కు గుండెకాయ అసొంటోడు!" అని అకౌంట్స్ హమీదుద్దీన్ కరీంనగర్ గొంతుతో బల్ల గుద్దేవాడు. ఆ ఎడమవైపు ఆటగాడి పేరు అతను అప్పుడే, నితీష్ చదువుతుండగా విన్నాడు.

ఆ ఏడు, అంటే తొంభై ఆరులో, ఇంగ్లండులో రగ్బీ లీగును చలికాలం నుంచి వేసవికి మార్చారు. ఎండాకాలంలో ఆడటమే మగతనమని సంఘం ఏసీని ఇంకాస్త పెంచి ఏకగ్రీవంగా హర్షించింది. అదే ఊపులో నితీష్ ఎవరి దగ్గరో ఒక వీడియో క్యాసెట్ సంపాదించాడు. అందరూ శ్రద్ధగా చూశారు. వేణుగోపాలరావు గారు తెర మీద ఆటగాళ్ళను రెండుసార్లు లెక్కపెట్టుకుని, శనివారం పొద్దున్నే జి.ఎం. గదిలోకి వెళ్ళి, "సార్, మన హార్క్‌లీ ఎందుకు ఓడిపోతోందో కనిపెట్టాను. అందరూ పదిహేను మందితో ఆడుతుంటే మనవాళ్ళు పదమూడు మందితోనే ఆడుతున్నారు" అని విన్నవించారు. ఆ క్యాసెట్టులో ఉన్నది పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ అనే వేరే ఆట; లీగ్‌లో ఆడేది పదమూడు మందే. హార్క్‌లీ లాంటి ఊళ్ళలో దాని పేరెత్తితే అన్నం పెట్టరు. విట్‌వర్త్ గారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సంఘం ఆ రెండు రోజులూ సంతాప దినాలు పాటించింది.

ఈ సంఘంలో సభ్యత్వం లేకుండా ప్రతి సమావేశానికీ హాజరయ్యే వ్యక్తి ఒకరే. ఆమె అంకాలమ్మ. రాయచోటి పక్క పల్లె నుంచి వేణుగోపాలరావు గారి వీసా మీద ఇంటిపనికి వచ్చింది. ఆమె పాస్‌పోర్టు ఆయన బీరువాలో భద్రంగా ఉంది. ఆమె దగ్గర ఉంటే పోతుందని ఆయన భయం. ఆమె వేసే మిరపకాయ బజ్జీల వల్లే సంఘానికి కోరం కొరత రాలేదని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

అంకాలమ్మ కూతురికి తొలి కాన్పు దగ్గరపడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తండ్రి ఏనాడో పోయాడు కాబట్టి ఆ పిల్లకు పుట్టిల్లంటే అంకాలమ్మే, ఆ అంకాలమ్మ కాస్తా దోహాలో బజ్జీలు వేస్తోంది. ఇంట్లో పనిచేసేవాళ్ళు ఈ దేశం దాటి వెళ్ళాలంటే వీసా ఇచ్చిన యజమాని సంతకం పెట్టాలి. ఉగాది నుంచి ఆమె ఆ సంతకం అడుగుతోంది. "చూద్దాంలే అంకాలమ్మా" అని వేణుగోపాలరావు గారు ఉగాది నుంచీ అంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె అడిగినప్పుడల్లా ఆయనకు గుండెల కింద ఏదో బరువుగా అనిపించేది. అది బజ్జీల వల్లనే అయి ఉంటుందని తేల్చుకుని ఒక గ్యాసు మాత్ర వేసుకునేవారు.

ఇలా ఉండగా సియోనె వ్యవహారం వచ్చి పడింది. సియోనె హార్క్‌లీ జట్టులో ఆడే టోంగా దీవుల కుర్రాడు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడట. వాళ్ళమ్మను చూడాలని ఉందట, నన్ను వదిలిపెట్టండి అన్నాడట. కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది, కదలడానికి వీల్లేదు అని క్లబ్బువాళ్ళు అన్నారట. పేపర్లో ఇంతే ఉంది. సంఘం రెండుగా చీలిపోయింది. వదలాలనే పక్షానికి నితీష్, వదలకూడదనే పక్షానికి హమీదుద్దీన్ నాయకులు. "కాంట్రాక్ట్ మీద దస్కత్ జేసిండా లేదా? జేసినంక అమ్మ యాదికొచ్చింది, అవ్వ యాదికొచ్చింది అంటె నడుస్తదా?" అని హమీదుద్దీన్ నిలదీశాడు. వేణుగోపాలరావు గారు అధ్యక్షులు కనుక రెండు వైపులా తల ఊపారు.

ఆ తర్వాతి శనివారం లిఫ్టులో విట్‌వర్త్ గారు నిట్టూర్చి, "పాపం, ఆ కుర్రాణ్ణి ఇంటికి పంపేస్తే బాగుండు" అన్నారు. లిఫ్టు నాలుగో అంతస్తుకు చేరేలోగా వదలకూడదనే పక్షం రద్దయింది. ఆ గురువారం హమీదుద్దీన్ లేచి, మనిషిని కట్టేసి ఆడించడం ఏ మతంలోనూ లేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సంఘ వార్షిక విందుకు విట్‌వర్త్ దంపతులు ముఖ్య అతిథులుగా వచ్చారు. వేణుగోపాలరావు గారి కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తోంది. అందుకని అధ్యక్షోపన్యాసం చాలా బాగా కుదిరింది. "మిత్రులారా! మనిషి సరుకు కాదు. అతణ్ణి బీరువాలో పెట్టి తాళం వేయడానికి వీల్లేదు. కన్నతల్లి కోసం తపించే ఆ బిడ్డను ఆపడానికి ఈ కాంట్రాక్టులు ఎవరు, ఈ యజమానులు ఎవరు? సియోనెను విడుదల చేయాలని హార్క్‌లీ యాజమాన్యాన్ని ఈ సభ దోహా నుంచి ముక్తకంఠంతో కోరుతున్నది!" అని ఆయన ఇంగ్లీషులో గర్జించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అంకాలమ్మకు నితీష్ తెలుగులో సారాంశం చెప్పాడు. ఆమె పళ్ళెం కింద పెట్టి తనూ చప్పట్లు కొట్టింది.

విట్‌వర్త్ గారు కళ్ళు తుడుచుకుని బజ్జీ కొరికారు. మళ్ళీ కళ్ళు తుడుచుకుని ఇంకొకటి తీసుకున్నారు. ఎనిమిదో బజ్జీ దగ్గర వాళ్ళావిడ భర్త చెవిలో ఏదో చెప్పింది. "రావ్, మా ఇంట్లో వంటామె వెళ్ళిపోయింది. మీ వంటామెను మాకు ఇవ్వగలరా? ఆమెకు ఇష్టమైతేనే సుమా" అన్నారు ఆయన.

ఆ చివరి మాట ఇంగ్లీషువాళ్ళ మర్యాద మాత్రమేననీ, దానికి అర్థం వెతకకూడదనీ మర్నాడు జరిగిన అత్యవసర సమావేశంలో సంఘం తేల్చింది. శుక్రవారం సమావేశం కావడం సంఘ చరిత్రలో అదే మొదలు. ఇంతకాలం ఎక్కడో ఉన్న ఆటగాళ్ళ గురించి వాదించి వాదించి సంపాదించిన అనుభవమంతా ఆ రోజు అక్కరకు వచ్చింది. అంకాలమ్మ ఫామ్ బాగున్నప్పుడే వదలడం క్లబ్బుకు మేలని ఒకరు అన్నారు. ఆమె పోతే బజ్జీ విభాగం కుప్పకూలుతుందని మరొకరు హెచ్చరించారు. వారానికి ఆరు రోజులు జి.ఎం. ఇంట్లో, గురువారం మాత్రం ఇక్కడ ఉండేలా అరువు పద్ధతిలో పంపవచ్చని నితీష్ ప్రతిపాదించాడు.

"అందరూ పెద్దమనుషుల్లా మాట్లాడుతున్నారు, రేపటి నుంచి వంటింట్లోకి ఎవరు దిగుతారు? నేనేనా?" అని శకుంతల గారు భర్తను అడిగారు.

"కాంట్రాక్టు, శకూ, కాంట్రాక్టు" అన్నారు వేణుగోపాలరావు గారు మెల్లగా.

తీర్మానం రాయబోతుండగా వంటింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"సామీ, ఒక మాట సెప్పొచ్చునా? యాడనో ఉండే ఆ పిల్లోడు ఇంటికి పోతానంటే ఆయప్ప కోసరం అందరూ ఏడిస్తిరి. నేను గూడా అదే గదా సామీ అడగతాండేది. నా కూతురికి నెలలు నిండినాయి. ఆడదిక్కు లేదు ఇంట్లో. ఆ దొరోళ్ళ ఇంటికి పొమ్మన్నా పోతా, ఈడ ఉండమన్నా ఉంటా. ముందు ఒక్కసారి ఊరికి పంపీండి. పురుడు పోసి మల్లా వస్తా."

వేణుగోపాలరావు గారికి గుండెల కింద బరువు మొదలైంది. ఆ రోజు ఇంకా బజ్జీలు వేయలేదు కనుక దానికి కారణం ఆయనకు తెలిసిపోయింది. సంతకం పెట్టేద్దాం అని కూడా ఒక్క క్షణం అనిపించింది. విట్‌వర్త్ గారికి సంగతి చెబితే సరేనంటారని కూడా ఆయనకు తెలుసు. కానీ అడిగిన మనిషిని వెంటనే ఇవ్వకుండా ఊరికి పంపాను అని చెప్పడానికి ఒక వెన్నెముక కావాలి. నెలాఖరు ఇంకా పది రోజులే ఉంది.

"అంకాలమ్మా, నీకు అర్థం కాదు" అన్నారాయన దయగా. "అతను క్రీడాకారుడు."

ఈ తేడాను ఇంత సూటిగా చెప్పినందుకు సంఘం అధ్యక్షులవారిని అభినందించింది. "మల్ల గదే కదా. ఆట వేరు, డ్యూటీ వేరు" అన్నాడు హమీదుద్దీన్, నేల చూపులు చూస్తూ. అంకాలమ్మ లోపలికి వెళ్ళి శనగపిండి కలిపింది. బజ్జీలు ఎప్పటిలాగే బాగున్నాయి, అందరూ తిన్నారు.

వారంలోగా అంకాలమ్మ బదిలీ పూర్తయింది. పాస్‌పోర్టు ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మారింది. ఊరి మాట దొరల దగ్గర ఎత్తవద్దనీ, కొత్తచోట చేరగానే సెలవు అడిగితే తెలుగువాళ్ళ పరువు పోతుందనీ వేణుగోపాలరావు గారు కారులో దారి పొడుగునా ఆమెకు నచ్చజెప్పారు. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక ఆ భయం అక్కర్లేకపోయినా, బాధ్యత గల మనిషి కనుక చెప్పారు. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు రెన్యూ అయింది. విట్‌వర్త్ గారు సంతకం పెడుతూ, "ఆమెకు ఇష్టమే కదా?" అని మరోసారి అడిగారు. "ఎంతో ఇష్టం సార్" అన్నారు వేణుగోపాలరావు గారు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక గురువారం నితీష్ పేపరు ఊపుకుంటూ పరుగున వచ్చాడు. హార్క్‌లీ యాజమాన్యం మనసు మార్చుకుని సియోనెను వదిలేసింది. ఈసారి ఫోటో కూడా వేశారు. చిన్న విమానాశ్రయం, ఆరడుగుల కుర్రాడు, అతని భుజం కూడా అందని లావుపాటి తల్లి, ఆమె మెడ మీద వాలిన అతని ముఖం. పేపరు చేతులు మారుతుంటే సభ్యుల కళ్ళు చెమర్చాయి. విందునాటి తీర్మానంతో దోహా నుంచి పంపిన ఫ్యాక్సు పనిచేసిందని కొందరు గట్టిగా నమ్మారు. శకుంతల గారు వేసిన బజ్జీల్లో ఉప్పు లేదు. దాంతో అందరూ అంకాలమ్మను తలుచుకుని, ఆమె లేని లోటు తీరనిదని హృదయపూర్వకంగా అనుకున్నారు.

అప్పుడే ఫోను మోగింది. వేణుగోపాలరావు గారు ఎత్తారు. రాయచోటిలో ఎస్టీడీ బూత్ నుంచి ఒక మగగొంతు.

"సార్, అంకాలమ్మ అల్లుణ్ణి. అత్తకు ఒకసారి ఫోనియ్యండి. మాకు పాప పుట్టినాది. పాప బాగుండాది సార్. దాని తల్లికే జరం తగ్గల్యా. రెండు దినాల నుంచి అమ్మా, అమ్మా అని ఒకటే కలవరింత. అత్త గొంతు ఒక్కసారి ఇనిపిద్దామని..."

"ఆమె ఇక్కడ లేదు బాబూ" అన్నారు వేణుగోపాలరావు గారు. "వేరే ఇంట్లో..." అనేలోగా అవతల లైను తెగిపోయింది.

ఆయన రిసీవరు పెట్టేశారు. సిగ్గేసింది. ఆ సంగతి ముఖంలో కనబడింది కూడా. ఏమైందని అందరూ అడిగితే చెప్పారు. సంఘం వెంటనే చర్చకు కూర్చుంది. విట్‌వర్త్ గారి ఇంటికి ఫోన్ చేయాలని నితీష్ అన్నాడు. గురువారం సాయంత్రం జి.ఎం. ఇంటికి ఫోన్ చేసి పనిమనిషిని పిలవమనడం బాగుండదని మిగతావాళ్ళు అన్నారు. అదీగాక, ఆమె ఇష్టపడే వెళ్ళిందని మనమే చెప్పి ఉన్నామని గుర్తుచేశారు. శనివారం ఆఫీసులో, ఆయన కాఫీ తాగి ప్రసన్నంగా ఉన్నప్పుడు, వీలు చూసుకుని చెప్పవచ్చునని తీర్మానమైంది. ఆ శనివారం వీలు కాలేదు.

సియోనె ఎలా ఉన్నాడని పాఠకులు తప్పకుండా అడుగుతారు గనుక మనవి చేసుకుంటున్నాము: కులాసాగా ఉన్నాడు. తల్లి చేతి వంట తిని ఒళ్ళు చేశాడట. అతను మళ్ళీ హార్క్‌లీకి వస్తాడా రాడా అన్న విషయం మీద సంఘంలో ఇప్పటికీ వాడిగా చర్చ జరుగుతోంది. మీకూ ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది, వచ్చి చెప్పవచ్చు. అంకాలమ్మ కూతురికి జ్వరం తగ్గిందా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందుచేత మేమూ కనుక్కోలేదు.