చేమముద్ద గిన్నెకు మూత లేని రోజు

ఆ బుధవారం ఉదయం లెహువా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి అక్క మోమీ వస్తుంది. ఇద్దరూ కలిసి భోంచేస్తారు. వెళ్లేలోపు శనివారం మనవరాలు హోకు మొదటి పుట్టినరోజు విందుకు వస్తానని అక్క మాట ఇవ్వాలి. అంతే. కాకపోతే అక్కాచెల్లెళ్లిద్దరూ మాట్లాడుకుని మూడేళ్లయింది. తల్లి సంవత్సరీకం నాడు కులోలో దగ్గర తేడా వచ్చింది. చేమదుంప తురిమి, కొబ్బరిపాలు పోసి, గంటలకొద్దీ ఉడికించే ఆ మిఠాయిలో అమ్మ చక్కెర వేసేదని లెహువా, తేనె వేసేదని మోమీ వాదించుకున్నారు. ఆ రోజు లేచి వెళ్లిన మోమీ మళ్లీ ఈ గడప తొక్కలేదు.

కానీ లెహువా దగ్గర ఒక ఉపాయం ఉంది. హనలే లోయలో చేమ అంటే కూరగాయ కాదు, ఇంటికి పెద్దన్నయ్య. లోకంలో ముందు పుట్టింది చేమ, ఆ తరువాతే మనిషి. అందుకే ఉడికిన దుంపలు దంచి కలిపిన ముద్ద బల్లమీద ఉండి, గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఎవరూ కసురుకోకూడదు, వంకలు పెట్టకూడదు, చెడ్డ మాట ఎత్తకూడదు. పెద్దన్న ముందు తగవులాడుకునే ఇల్లు ఆ లోయలో లేదు. కాబట్టి లెహువా తొమ్మిదింటికే చెక్కగిన్నె మూత తీసి, ఎవరికీ దొరక్కుండా తన కుర్చీ మీద దిండు కింద దాచింది.

సరిగ్గా అప్పుడే మొగుడు కెయోకి పెరటి తలుపు దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. చేమాకుల్లో పంది మాంసం, ఉప్పుచేప పెట్టి చుట్టిన పొట్లాల కుండను ఆరింటికే పెరటి పొయ్యి మీద పెట్టి, మడికి నీళ్లు కట్టడానికి పోయాడు. ఇప్పుడొచ్చి చూస్తే గ్యాస్ ఎప్పుడో అయిపోయి కుండ చల్లగా ఉంది. కొత్త బండ బిగించి మళ్లీ వెలిగించాడు, కానీ ఆ పొట్లాలు ఆరు గంటలు ఆగకుండా ఉడకాలి. చేమాకు సగం ఉడికితే గొంతును ఏం చేస్తుందో ఆ లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"లెహువా, నీతో ఒక మాట చెప్పాలి."

"మంచి మాటేనా?"

"అంత మంచిది కాదు."

"గిన్నె తెరిచి ఉంది, కనబడ్డం లేదూ? మంచిదైతే ఇప్పుడు చెప్పు, కాకపోతే అక్క వెళ్లాక చెప్పు."

కెయోకి సంప్రదాయానికి కట్టుబడ్డ మనిషి. అందులోనూ సంప్రదాయం తనను తిట్ల నుంచి కాపాడుతున్నప్పుడు మరీ కట్టుబడతాడు. తిరిగి పొయ్యి దగ్గరికి పోయాడు.

మోమీ పదింటికి తన కులోలో ట్రే పట్టుకుని దిగింది. గిన్నె వంక చూసింది, చెల్లెలి వంక చూసింది, పెదవి బిగించింది. రెండు గంటలసేపు ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. హనలేలో వాన గురించి రెండు గంటలు మాట్లాడొచ్చు, కొదవేం లేదు. పన్నెండింటికి లెహువా వేడివేడి పొట్లం విప్పి అక్క పళ్లెంలో పెట్టింది.

మోమీ రెండు ముద్దలు తినేసరికి గొంతులో ముళ్లు గుచ్చినట్టయింది. నాలుక దురద. దగ్గు ఆపుకుంటే కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

లెహువా గుండె కరిగిపోయింది. "అమ్మ గుర్తొచ్చిందా అక్కా?"

"ఆ... బాగా గుర్తొచ్చింది," అంది మోమీ బొంగురు గొంతుతో.

"అయితే ఇంకోటి తిను!"

రెండో పొట్లం పళ్లెంలో పడగానే మోమీకి విషయం అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైంది. మూడేళ్ల కసి తీర్చుకోవడానికి పచ్చి ఆకు తినిపిస్తోంది, వంక పెట్టకుండా గిన్నె తెరిచిపెట్టింది! ఎంత గడుసుది! తను మాత్రం తక్కువ తిందా?

"చాలా బాగా కుదిరిందే చెల్లీ. నువ్వు తినవేం? కూర్చో, నా చేత్తో పెడతాను."

లెహువా తింది. నమిలింది. ఆగింది. అయ్యో, అక్క దీన్ని తిని కూడా పల్లెత్తు మాట అనలేదు! ఎంత మంచిదైపోయింది! సిగ్గుతో, దురదతో ఆమెకు కూడా కళ్లనీళ్లు తిరిగాయి. కెయోకి తన పళ్లెంలోని పొట్లాన్ని విప్పకుండా దాని అందాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాడు.

పుట్టినరోజు ప్రార్థన సంగతి మాట్లాడదామని చర్చి పెద్ద కాపులె అప్పుడే వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఇద్దరికీ బాబాయి వరుస. ఎవరూ వద్దనేలోపు కూర్చుని, ఒక పొట్లం సగం లాగించాడు. ముసలాయన కనుబొమ్మలు పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. గిన్నె చూశాడు. కన్నీళ్లు పెట్టుకుంటున్న ఇద్దరాడవాళ్లను చూశాడు. ఏదో ఒక మంచి మాట అనాలి కదా!

"అద్భుతంగా ఉందమ్మా. వచ్చే ఆదివారం చర్చి విందుకు వంద పొట్లాలు చేసిపెట్టు."

"వంద ఏ మూలకు బాబాయ్?" అంది మోమీ. "మా చెల్లి రెండు వందలు చేస్తుంది."

"చేస్తాను," అంది లెహువా, గొంతు సవరించుకుంటూ. "మా అక్క రెండు వందల మందికి కులోలో కూడా చేస్తుంది. దుంపలన్నీ తనే తురుముతుంది."

"తురుముతాను. ఆదివారం దాకా రోజూ వచ్చి ఇక్కడే తురుముతాను."

గిన్నె ముందు ఇచ్చిన మాట తప్పడానికి లేదు. కాపులె బుద్ధిగా చీటీ మీద రాసుకున్నాడు. కెయోకికి మాత్రం రెండు వందల పొట్లాలకు ఆకులు ఎవరు కోయాలో వెంటనే తట్టింది.

గొంతు చల్లబడుతుందని లెహువా అక్క తెచ్చిన కులోలో ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. నిజంగానే బాగుంది. ఆ మాటే చెప్పబోయింది పాపం.

"ఎంత బాగుందక్కా! అమ్మ చక్కెరే వేసేదనుకో, అయినా తేనెతో కూడా పరవాలేదు."

మోమీ లేచింది. మూత కోసం చుట్టూ చూసింది. కనబడలేదు. కులోలో ట్రే ఎత్తి గిన్నె మీద ధడాలున బోర్లించినంత పని చేసి పెట్టింది.

"హమ్మయ్య, మూతపడింది! ఇప్పుడు చెప్తా విను. పరవాలేదా? పచ్చి ఆకు పెట్టి నా గొంతు కోసింది చాలక, పరవాలేదా?"

"నేను పెట్టానా? కావాలని పెట్టానా? పొద్దున ఆరింటికే కుండ పొయ్యెక్కింది!"

"గ్యాస్ అయిపోయింది," అన్నాడు కెయోకి. మూత పడింది కదా, తప్పదు. "పొద్దున చెబుతానంటే వద్దన్నావు."

"నువ్వు నోర్ముయ్!" అన్నారిద్దరూ ఒక్కసారే. మూడేళ్లలో ఇద్దరూ ఏకమైన మొదటి మాట అదే.

తరువాత ఒకరి మాట ఒకరికి వినబడలేదు. తేనె, చక్కెర, సంవత్సరీకం, ఎవరు ముందు లేచి వెళ్లారు, అన్నీ బయటికొచ్చాయి.

"మూడేళ్లు ఒక్క ఫోను చేశావా? నువ్వు లేని పండగ ఒక పండగేనా? హోకు పుట్టిననాడు వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను!"

"నువ్వు చేశావా? రోజూ సాయంత్రం ఫోను పక్కనే కూర్చునేదాన్ని. చెల్లెలివి, నువ్వు చెయ్యాలి!"

"అక్కవి, నువ్వు చెయ్యాలి!"

ఇద్దరూ ఏడ్చారు. ఈసారి చేమాకు తప్పేం లేదు. లెహువాకు రెండు గంటల వాన కబుర్లలో దొరకని అక్క, ఈ పది నిమిషాల కేకల్లో దొరికింది.

కాపులె మెల్లగా దగ్గాడు. "మూత పడింది గనక నేనూ ఒక మాట చెప్పేస్తానమ్మా. మీ అమ్మ జన్మలో కులోలో చెయ్యలేదు. దుంప తురిమితే ఆవిడకు చేతులు దురదలెక్కేవి. మీ ఇంటికొచ్చే కులోలో అంతా మా ఆవిడ చేసిచ్చేది."



"మూడేళ్లనుంచి చెప్పలేదేం బాబాయ్?" అంది మోమీ, కుర్చీలో కూలబడుతూ.

"ఎలా చెప్పను? మీ రెండిళ్లలో ఎవరింటికొచ్చినా నాకు భోజనం పెడుతూనే ఉంటారు. గిన్నె తెరిచే ఉంటుంది."

లెహువా ముందుకు వంగింది. "పోనీ, పిన్ని ఏం వేసేది? చక్కెరా? తేనా?"

"చెబుతాను. ముందు ఆ ట్రే తీసి గిన్నె తెరవండి."

అక్కాచెల్లెళ్లు చెరోవైపు పట్టుకుని ట్రే పక్కకు దించారు. పెద్దాయన మూడు సార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో ఏది ఉంటే అది."

పెద్దన్న ఎదురుగా ఉన్నాడు గనక ఎవరూ ఏమీ అనలేకపోయారు. ముందు మోమీ నవ్వింది, తరువాత లెహువా, గొంతులు గీసుకుపోయేదాకా నవ్వారు. నవ్వుతూనే లెహువా దిండు కింది నుంచి అసలు మూత తీసి అక్క చేతిలో పెట్టింది. శనివారం రమ్మని అడగాల్సిన అవసరమే రాలేదు. రెండు వందల మందికి దుంపలు తురమాల్సిన మనిషి ఇంకెక్కడికి పోతుంది?

శనివారం పొద్దున మోమీ అందరికంటే ముందు వచ్చి, హోకును ఎత్తుకుని ముద్దాడి, చెక్కగిన్నె పక్కనే కూర్చుంది. మూత మాత్రం రోజంతా ఒడిలోనే పెట్టుకుంది, అక్కాచెల్లెళ్లన్నాక ఎప్పుడు ఏ అవసరం వస్తుందో చెప్పలేం.