వేలానికెక్కిన షర్బత్

దయాసాగర్ సారు నోరు మూసుకుని ఉంటే మాల్యాద్రి ఇల్లు ఇంత గుల్లయ్యేది కాదు. నెలనెలా జీతం పడే మనిషి. సండేస్కూల్లో నిలబడి తల్లిదండ్రులతో "సెలవుల్లో పిల్లల చేత యాపారం చేయించండి, లాభనష్టాలు తెలుస్తాయి" అన్నాడు. తన పిల్లల్ని మాత్రం ఎండలోకి పంపలేదు.

ఆరో తరగతిలోనే బడి మానేసి, ఉదయగిరిలో చర్చి ఎదురుగా పంచర్ల కొట్టు పెట్టుకున్న మాల్యాద్రికి ఆ మాట పట్టుకుంది. కొట్లో గాలి మోటారు కాలిపోతే కొత్తదాని కోసం నాలుగు వేలు దాచాడు. అందులోంచే నన్నారి పాకం, నిమ్మకాయలు, ఐసు తెచ్చి, ఆదివారం పొద్దున్నే కూతురు షైనీ చేత కొట్టు ముందు బల్ల వేయించాడు. ఆరాధన ముగిసే వేళకు బక్కెట్టు నిండా షర్బత్ సిద్ధమైంది.

"ఎంతకమ్మేది నాయనా?"

"ఎవురెక్కువిస్తే వాళ్లకి."

"గ్లాసు పది రూపాయలని చెప్పరాదా?" అంది భార్య సుజన.

"అన్నీ మనమే చెప్తే అదేం నేర్చుకుంటాది? నువ్వు పలక్కు."

షైనీ పుట్టి బుద్ధెరిగాక కళ్లారా చూసిన పెద్ద అమ్మకం ఒక్కటే: కోత పండగ నాడు చర్చికొచ్చిన కానుకలకు వేసే వేలం. జనం బయటికి రాగానే స్టూలెక్కి గ్లాసు పైకెత్తింది. "పది రూపాయలు! పది ఒకటోసారి!"

తెల్లబట్టల్లో ఉన్న సంఘస్తులకు ఇంకో ఆలోచన రాలేదు. వేలమంటే దేవుడి సొమ్మే.

"యాభై!" అన్నాడు డేవిడ్‌రాజు.

"నూరు!" అన్నాడు సురేంద్రబాబు. ఇద్దరూ సంఘపెద్దలే, ఒకరంటే ఒకరికి పడదు. ఐదు నూర్లకు పాడుకున్న డేవిడ్‌రాజు డబ్బులు బల్ల మీది డబ్బాలో వేసి, ఆనవాయితీ ప్రకారం గ్లాసు వెనక్కిచ్చాడు. "దేవునికే ఇస్తన్నా. మళ్లీ పాడించు పాపా."

అదే గ్లాసు మళ్లీ మళ్లీ అమ్ముడైంది. బక్కెట్లో ఐసు కరిగిపోతున్నా మాల్యాద్రికి పట్టలేదు. వస్తున్నదంతా తన డబ్బే అనుకున్నాడు. పాట రెండు వేల దగ్గర ఆగేసరికి, ఇంకొంచెం ఎగదోద్దామని పంతం పట్టి గుంపు వెనక నుంచి అరిచాడు. "రెండు వేల ఐదు నూర్లు!"

పెద్దలిద్దరూ నోరు మూసుకున్నారు.

"మూడోసారి!" అంది షైనీ. "నాయనా, డబ్బులు."

అంతమందిలో వెనక్కి తగ్గలేక జేబులో మిగిలిన మోటారు డబ్బు తీసి డబ్బాలో వేశాడు. పోయేదేముంది, ఇంటి డబ్బాయే గదా!

అప్పుడొచ్చాడు దయాసాగర్ సారు. "పిల్లకెంత బాగా నేర్పినావు మాల్యాద్రీ! చర్చి రేకులు మార్చేదానికి సరిపోతాది," అంటూ డబ్బా అందుకున్నాడు.

"సారూ, అది మా..."

"మంచోడురా మాల్యాద్రి," సురేంద్రబాబు అతని భుజం తట్టాడు. "తన సరుకు తనే పాడుకోని దేవుడికిచ్చినాడు. మీరూ ఉండారు, ఎందుకు?"

అందరూ చప్పట్లు కొట్టారు. షైనీ తండ్రి చొక్కా లాగి, "నాయనా, డబ్బా మనది గదా?" అంది.

"నోరు మూసుకోని ఆమెన్ అను."

కరిగిన షర్బత్‌ను కాలవలో పోశారు. సరుకు పద్నాలుగు వందల అరవై, పాట రెండు వేల ఐదు నూర్లు. మోటారు డబ్బులో పోయింది మూడు వేల తొమ్మిది వందల అరవై, తాగింది తను పాడుకున్న ఆ ఒక్క గ్లాసు.