అరవై మంచు మాటలు

నీటి సరఫరా కార్యాలయంలో పనిచేసే ప్రతి ఉద్యోగీ, హోదాతో నిమిత్తం లేకుండా, కరుగుతున్న మంచు గురించి అరవై ఇంగ్లీషు మాటలు నలభై రోజుల్లో నేర్చుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆ ఊరికి నీళ్లు కొండ మీది మంచు కరిగి వాగుగా వస్తాయి. మంచు ఏటేటా తరిగిపోతోందని అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని సరైన ఉచ్చారణతో తెలుసుకోలేదన్నదే పైవారి బాధ. త్వరలో విదేశీ పరిశీలకులు రానున్నారు. వారి ముందు ఎవరూ 'ఐసు' అని నోరు జారకూడదు.

కోచింగ్ సెంటరు నుంచి ఒక మేడంను రప్పించారు. మంచు వాతావరణం అలవాటు కావాలని మీటింగు హాల్లో ఏసీ పదహారు మీద పెట్టించారు. ఉద్యోగులు శాలువాలు కప్పుకుని భూమి వేడెక్కడం గురించి వల్లె వేశారు. కార్యాలయానికి అధిపతి అయిన పెద్దసారు ప్రారంభోపన్యాసం చేస్తూ, "మన దగ్గర నీళ్లకు కొరత రావచ్చు, మాటలకు రాకూడదు. సమస్యను తీర్చడం పైవాళ్ల పని. దాన్ని పేరు పెట్టి పిలవడం మన బాధ్యత" అన్నారు. శాలువాల్లోంచి చేతులు తీసి అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ శిక్షణలో వెనకబడినవాడు ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా వంతెన కింద నిలబడి, స్తంభం మీద గీసిన గీతల్ని బట్టి వాగు ఎన్ని అడుగులుందో చూసి రాసేవాడు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. అందుకని ఊరంతా అతన్ని అడుగుల మామయ్య అంటుంది. తరగతి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. మరి పన్నెండు గంటల లెక్క ఎవరు చూస్తారని అతను అడిగాడు. 'శిక్షణ కాలంలో మధ్యాహ్నపు అంకె స్థానే నిన్నటి అంకెను వేయవలెను' అని లిఖితపూర్వకంగా జవాబొచ్చింది. వాగు ఈ ఏర్పాటుకు అభ్యంతరం చెప్పలేదు.

ఇంట్లో అతనికి చదువు చెప్పింది భార్య. వాళ్లది వాగు ఒడ్డున ఉన్న దిగువ వీధి. ఆమె ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కాలు మిషను మీద, కన్ను అతని మాటల కాగితం మీద.

"మొరైన్ అంటే?"

"ఏదో రాయి."

"మంచుతోపాటు పోకుండా దారిలో మొరాయించిన రాళ్లు. మొరాయించేది మొరైన్. గుర్తుంటుందా?"

"ఉంటుంది."

"రిట్రీట్?"

"వెనక్కి తగ్గడం."

"తగ్గేది మంచు. మీరెందుకు గోడ దాకా జరిగారు? ఇలా ముందుకొచ్చి కూర్చోండి."

పది రోజుల్లో ఆమెకు అరవై మాటలూ వచ్చేశాయి. అతనికి మాటలు వచ్చాయి గాని, ఏది దేని తర్వాతో రాలేదు. మౌఖిక పరీక్షలో మేడం "గ్లేసియర్ అంటే ఏమిటి?" అని అడిగింది.

"మా నాన్న హయాంలో అది పాత గుడిసె దగ్గరిదాకా ఉండేదమ్మా. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పై మలుపు దాకా. ఇప్పుడు కొండ కొమ్మునుంది. దాని కింద కొత్తగా ఒక మడుగు కూడా కట్టింది."

"డెఫినిషన్ చెప్పండి."

అతను మళ్లీ పాత గుడిసె దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. మేడం సున్నా వేసింది. రెండోసారీ తప్పితే వాగు మీంచి తీసి స్టోరు రూముకు వేస్తామని పెద్దసారు హెచ్చరించారు. ఇరవై రెండేళ్లుగా నీళ్లు చూసిన మనిషి పైపుల మధ్య కూర్చోవాలి.

నలభయ్యో రోజున సర్టిఫికెట్ల సభ. ఉదయం పదకొండుకు అతను ఉండబట్టలేక వంతెన దగ్గరికి వెళ్లాడు. వాగు సున్నపునీళ్ల రంగులో ఉంది. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు. మంచు పెళ్లలు కొట్టుకొస్తున్నాయి. పొద్దున నాలుగడుగులున్న నీళ్లు ఏడు దాటాయి. అతను పరుగున హాల్లోకి వచ్చి వేదిక దగ్గర నిలబడ్డాడు.

"సార్, కొండ మీది మడుగు తెగినట్టుంది. దిగువ వీధి ఖాళీ చేయించాలి."

పెద్దసారు కొత్త ఫారం తీశారు. అందులో మూడు గళ్లున్నాయి. "మెల్ట్‌వాటరా, ఫ్లాష్ ఫ్లడ్డా, ఔట్‌బర్స్టా?"

"నీళ్లు సార్."

"నీళ్లకు గడి లేదు. వెళ్లి సరిగ్గా చూసి రండి."

మెల్ట్‌వాటరే అయ్యుంటుందని మేడం, కాదని అకౌంటెంటు వాదనకు దిగారు. నలభై రోజుల్లో అంత చక్కటి ఇంగ్లీషు ఆ హాల్లో ఎవరూ వినలేదు.

అడుగుల మామయ్య సరిగ్గా చూడటానికి వెళ్లలేదు. కుళాయి వేళలు చాటే ఆఫీసు ఆటో ఎక్కి, డ్రైవర్ని తొందరపెట్టి దిగువ వీధికి పోనిచ్చాడు. మైకు తీసుకుని "నీళ్లొస్తున్నాయి, నీళ్లొస్తున్నాయి" అని అరిచాడు. వీధి వీధంతా బిందెలు పట్టుకుని కుళాయిల దగ్గర వరసకట్టింది.

"కుళాయి నీళ్లు కాదు. వాగు పొంగుతోంది. అన్నీ వదిలేసి గట్టెక్కండి."

రిటైరైన గుమస్తా ఒకాయన అరుగు మీంచి లేవకుండానే అన్నాడు. "అంత పెద్ద విషయమైతే నీకెందుకు చెప్తారయ్యా? పైనుంచి ఇంగ్లీషులో వచ్చేది." వరసలో వాళ్లు నిజమే అన్నారు. ఒకావిడ తన బిందె ఇంకాస్త ముందుకు జరిపింది.

అతను భార్య వంక చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి, కుట్టాల్సిన బట్టలు మూటకట్టి చంకన పెట్టుకుంది.

"ఆ మాటలే చదివెయ్యండి" అంది.

అతను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "గ్లేసియర్. మొరైన్. రిట్రీట్. పెర్మాఫ్రాస్ట్. వల్నరబుల్. మిటిగేషన్." మొరైన్ దగ్గర బిందెలు కింద పడ్డాయి. పెర్మాఫ్రాస్ట్ దగ్గర ముసలివాళ్లను భుజాలకెత్తుకున్నారు. సస్టెయినబుల్ అనేసరికి గుమస్తాగారు చెప్పులు చేత్తో పట్టుకుని అందరికన్నా ముందు గట్టెక్కారు. నలభై ఒక్క మాటలయ్యాక వీధిలో ఎవరూ మిగల్లేదు. అతను భార్య చేతిలో మూట అందుకుని వెనకాలే ఎక్కాడు. పావుగంటకల్లా నీళ్లు కిటికీలు ముంచేశాయి. కుట్టుమిషను పోయింది, గీతల స్తంభంతో సహా వంతెన పోయింది. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.

ఎత్తు మీదున్న హాల్లో సర్టిఫికెట్ల పంపిణీ సకాలంలో ముగిసింది. పదజాల శిక్షణ వల్ల ప్రాణనష్టం పూర్తిగా నివారించబడినదని పెద్దసారు నివేదిక పంపారు. శిక్షణ మరో నలభై రోజులు పొడిగించారు. అడుగుల మామయ్య మైకులో చదివినదాన్నే రెండో మౌఖిక పరీక్షగా దయతో పరిగణించారు. అరవైకి నలభై ఒకటి, అందులో ఏడు ఉచ్చారణ దోషాలు, క్రమం అసలే లేదు. తప్పాడు. స్టోరు రూముకు వేశారు. స్తంభం లేదు కాబట్టి మూడు పూటలా నిన్నటి అంకే వేస్తున్నారు.

దిగువ వీధి మళ్లీ లేచింది. ఆర్నెల్ల తర్వాత ఒక సెలవురోజు అతను కొండ ఎక్కి చూసొచ్చి, వీధివాళ్లను పిలిచి కూర్చోబెట్టాడు. ఇప్పుడు అతని మాటంటే అందరికీ గురి.

"మంచు అయిపోవచ్చింది. వచ్చే వేసవికి వాగు ఉండదు. కుళాయిలో చుక్క రాదు. ఇప్పట్నుంచే ఏదో ఒకటి ఆలోచించుకోవాలి."

అందరూ గుమస్తాగారి వైపు చూశారు. ఆయన ముందుకు జరిగి అడిగారు.

"దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు మామయ్యా?"

అతను నేర్చుకున్న మాటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చూశాడు. అరవైలో అది లేదు.

"తెలీదండీ" అన్నాడు.

అందరి ప్రాణం కుదుటపడింది. దులుపుకుని లేచి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు.