అగళి నల్లమ్మ బోణీ

ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే గోవిందు శెట్టికి పొద్దున్నే ఉండే ఆలోచన ఒక్కటే: బోణీ తన దగ్గర పనిచేసే కుళ్లాయప్ప చేతి మీదుగా జరగాలి. ఎప్పుడో ఒకసారి కుళ్లాయప్ప తొలిబేరంగా పెళ్లిచీరలు అమ్మిన రోజు అంగడి కిటకిటలాడింది. ఆనాటి నుంచి అతని చెయ్యి బంగారమైంది. ఆ చేతికి చీర మడతపెట్టడం కూడా సరిగా రాదన్న సంగతి మాత్రం శెట్టి పట్టించుకోలేదు.

అంగట్లో చీరలు చూపించే రెండో మనిషి మల్లిక. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు, ఇద్దరూ వచ్చినవాళ్ల మీద ఎగబడేవారు. ఒకావిడైతే వీళ్ల పోటీకి భయపడి పక్క అంగట్లో దూరి, అక్కడే కొనుక్కుంది. దాంతో హిందూపురం అంగడి చూసుకునే కొడుకు సాయికృష్ణ ఇక్కడ కంప్యూటర్ పెట్టించాడు. వచ్చినవాళ్ల పేరు ఎక్కిస్తే, ఒకరిని మల్లికకు, తర్వాతివారిని కుళ్లాయప్పకు అదే పంచుతుంది.

"ఇంక కొట్లాటే ఉండదు నాయనా. దానికి నీ మనిషి, నా మనిషి అనేది తెలీదు" అన్నాడు.

నిజమే. దానికి బోణీ అన్నా తెలియదు. నిన్నటి ఆఖరి మనిషి కుళ్లాయప్పకు పోతే, ఈ పొద్దు మొదటి మనిషి మల్లికకే. గోవిందు ఊరుకుంటాడా? మల్లిక వంతు వచ్చిన ప్రతి పొద్దునా తలుపు తీయగానే 'నల్లమ్మ, అగళి' అని తనే ఒక పేరు కొట్టేవాడు. లేని నల్లమ్మ మల్లికకు పోయేది. ఆ తర్వాత వచ్చిన నిజమైన మనిషి కుళ్లాయప్ప చేతిలో పడేది. కంప్యూటర్ ఫోన్ నంబరు అడిగితే పది అంకెలూ తొమ్మిదులే కొట్టేవాడు. రోజుకో పేరు పుట్టించే ఓపిక మాత్రం ఆయనకు లేదు.

నెల తిరిగేసరికి, ఆ లెక్కలన్నీ హిందూపురంలో కూర్చునే చూసే సాయికృష్ణ నుంచి ఫోన్ వచ్చింది.

"నాయనా, అగళి నల్లమ్మంట. పాపం, పొద్దున్నే వచ్చి ఉత్త చేతుల్తో పోతాండాది. మల్లిక ఆయమ్మకు ఒక్క చీరా అమ్మల్యా."

"పోనీలేరా, నచ్చలేదేమో."

"నచ్చకుంటే అన్నితూర్లు ఏంటికి వస్తాది? శనివారం లోపల ఆయమ్మకు చీర అమ్మమని చెప్పు. లేకుంటే మల్లికను మాన్పించేద్దాం."

నల్లమ్మే లేదని చెబితే కొడుకు నవ్వుతాడు. నవ్వి ఊరుకోడు, వాళ్లమ్మకు చెబుతాడు. అందుకని గోవిందు, న్యాయం తెలిసిన యజమాని గనక, మల్లికనే పిలిచి మందలించాడు.

"ఏం మల్లికా, ఆయమ్మ అగళి నుంచి అంత దూరం వస్తాంటే ఒక చీర అమ్మలేవా?"

"యాడ వచ్చింది సార్? నేను ఆయమ్మ మొగమే చూడల్యా!"

"అదే నీ తప్పు. మొగం చూసి మాట్లాడల్ల. శనివారం లోపల అమ్మకుంటే నీ పని పోతాది, నా చేతుల్లో ఏమీ లేదు."

మల్లికకు కడుపు మండిపోయింది. ఇంట్లో మగ్గం మూలపడ్డాక ఆమె జీతమే పొయ్యి వెలిగిస్తోంది. శెట్టి భోజనానికి వెళ్లినప్పుడు కంప్యూటర్లో నల్లమ్మ నంబరు వెతికింది. పదీ తొమ్మిదులు! ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది శెట్టి ఒక్కడే. ఆమెకు సంగతంతా అర్థమైంది. అడిగితే ఒప్పుకునే మనిషి కాదు గనక, ముదిగుబ్బలో ఉండే తన అవ్వ హనుమంతమ్మకు ఫోన్ చేసింది.

శనివారం పొద్దున మల్లిక వంతే. గోవిందు అలవాటుగా నల్లమ్మ పేరు కొడుతుండగా, ఒక ముసలమ్మ వచ్చి పరుపు మీద చతికిలబడింది.

"ఏమప్పా శెట్టీ, గుర్తుపట్టల్యా? అగళి నల్లమ్మను."

గోవిందు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. తాను పుట్టించిన మనిషి తన ఎదుటే కూర్చుంటే ఎవరికైనా అంతే.

"నువ్వా... నువ్వెట్ల వచ్చినావు?"

"బస్సుకు వచ్చినా. నెల నుంచి వస్తానే ఉండా గదప్పా! నీ కంప్యూటర్‌నే అడుగు."

అబద్ధం అనడానికి లేదు. అన్నిసార్లూ ఆమె వచ్చినట్టు ఎక్కించింది ఆయనే. కుళ్లాయప్ప ముందుకు ఉరకబోయాడు గానీ వంతు మల్లికది. ఆమె మొహంలో నవ్వు కనపడనీయకుండా ఎర్రంచు చీర ఒకటి పరిచింది.

"బస్సు చార్జీలకే నా దుడ్లన్నీ పాయ" అంది అవ్వ. "సగం ధరకు ఇస్తావా, లేకుంటే హిందూపురం పోయి నీ కొడుకును అడిగేదా?"

గోవిందు ఇచ్చాడు. రవికగుడ్డ కూడా కలిపి ఇచ్చాడు. అవ్వ కొంగుముడి విప్పి, పొట్టేలును అమ్మగా వచ్చిన నోట్లు తీసి కట్టింది.

ఆమె గడప దాటిందో లేదో, పెనుకొండ నుంచి పెళ్లివారు దిగారు. వాళ్లు మూటలు కట్టించుకుంటుండగానే ఇంకో పెళ్లివారు వచ్చారు. సాయంత్రానికి బీరువాలు సగం ఖాళీ అయ్యాయి. గోవిందు మల్లిక చేతుల వైపు భక్తిగా చూసి, కొడుక్కి ఫోన్ చేశాడు.

"రేయ్ సాయీ, మల్లికను మాన్పించేది లేదు. బోణీ చేసిందంటే ఆ పాప చెయ్యి బంగారం!"

మరునాడు వంతు కుళ్లాయప్పది. తలుపు తీయగానే గుడిబండ గంగక్క అనే ఆవిడ అతని వాటాకు వచ్చి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. ఆవిడ ఫోన్ నంబరూ పదీ తొమ్మిదులే.