అద్దం మీద దుప్పటి

పస్కా పండగ దగ్గర పడింది, ఇవాళ ముందుగదికి సున్నం వేసి తీరాలని అన్షెల్ గ్రీన్‌ష్పాన్ పొద్దున్నే తీర్మానించాడు. కెనడాలోని విన్నిపెగ్‌కు వచ్చి పదహారేళ్లయినా ఆయన ఏ యూదు ఆచారమూ తప్పలేదు. కొడుకు మేయర్ మాత్రం ఇంటిపేరు ‘గ్రీన్’ అని కత్తిరించుకుని, పని ముట్టకూడని శనివారం కూడా కొట్టు తెరుస్తున్నాడు. రెండేళ్లుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. తను పోతే, కొడుకు చదవాల్సిన చావు ప్రార్థన చదివే దిక్కు లేదన్నదే అన్షెల్ బెంగ.

"సున్నం చాలదు, తెస్తాను. అద్దం మీద ఏదైనా కప్పు, చుక్కలు పడతాయి," అని భార్యతో చెప్పి బయల్దేరాడు.

ఫ్రేడల్ అద్దం మీద దుప్పటి కప్పి, పొట్టి పీట మీద కూర్చుని పండగకు తినే ఘాటు దుంప తురమసాగింది. ఆ ఘాటుకు కళ్లు ధారలు కట్టాయి, గొంతు పట్టేసింది.

కింది వాటా సీపా ఉల్లిపాయ కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కప్పిన అద్దం, పొట్టి పీట, కన్నీళ్లు. యూదుల్లో చావింట్లో తప్ప ఈ మూడూ ఒకచోట ఉండవు. ఇంటాయన కనిపించడం లేదు. పోనీ అడుగుదామంటే, ఇంటివాళ్లు నోరు తెరవందే పలకరించకూడదాయె. తిన్నగా మందుల షాపుకు పరుగెత్తి మేయర్‌కు ఫోన్ చేసింది.

"మీ నాన్న పోయాడు నాయనా!"

"ఎప్పుడు?"

"పీట కూడా వేసేశారు. పీట వేసేది మట్టి చేశాకే కదా, అదీ అయిపోయినట్టే ఉంది."

"మట్టికైనా పిలవలేదా నన్ను!"

గంటలో సీపా మాట విన్న ఇరుగుపొరుగు, చావింటికి తెచ్చే ఉడికించిన గుడ్లతో వచ్చి మౌనంగా చుట్టూ కూర్చున్నారు. ఆ గుడ్లు, ఆ మొహాలు చూసి ఫ్రేడల్ గుండె గుభేలుమంది. సున్నానికి వెళ్లిన మనిషి ట్రాము కింద గానీ పడలేదు కదా! "అన్షెల్!" అని ఒక్క కేక పెట్టి పడిపోయింది. దాంతో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

బకెట్‌తో తిరిగొచ్చిన అన్షెల్‌కు మెట్ల నిండా జనం కనిపించారు. ‘ఎవరు పోయారో పాపం!’ అనుకుని, టోపీ సర్దుకుని వెనకే నిలబడ్డాడు. లోపల ఎవరో చావు ప్రార్థన చదువుతున్నారు. ఆ గొంతు వినగానే ఆయన తలలు వంచుకున్న జనం మధ్యనుంచి గుమ్మం దాకా జరిగాడు. దుఃఖానికి గుర్తుగా కోటు అంచు చింపుకుని, పుస్తకం లేకుండా, ఏడుస్తూ చదువుతున్నది మేయర్. వాడేమీ మరిచిపోలేదు! ఆ ముసలి గుండె పొంగిపోయింది.

సగంలో మేయర్ ఒక మాట దగ్గర తడబడ్డాడు. మళ్లీ అక్కడే ఆగాడు. అన్షెల్ ఉండబట్టలేక గుమ్మంలోంచి ఆ మాట అందించాడు.

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. సీపా చేతిలో గుడ్ల పళ్లెం జారిపోయింది. "నాన్నా!" అంటూ మేయర్ వచ్చి ఆయన్ను వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్షెల్ కూడా ఏడ్చాడు, దాచుకోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని అన్నాడు:

"ఇంకో ముప్ఫై ఏళ్లు సాధన చెయ్యరా. నాకేం తొందర లేదు."