ఎర్ర గడిలోని పిల్లకు మూడింతల పంజీరీ

పంజాబులో పుట్టిన బిడ్డకు గోధుమ పడదనడం నేరమేమీ కాదు. కాకపోతే, ఆ మాట రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

రమణీక్ కూతురు జప్లీన్‌కు అయిదేళ్లు, బరువు పదకొండు కిలోలు. పుల్లల్లాంటి కాళ్లు, ఉబ్బిన పొట్ట, ఆగని విరేచనాలు. అంగన్‌వాడీ రిజిస్టరులో ఆ పిల్లది ఎర్ర గడి. ఎర్ర గడిలో ఉన్నవాళ్లకు పంజీరీ రెండింతలు ఇవ్వాలని నిబంధన (పంజీరీ అంటే నేతిలో వేయించిన గోధుమపిండి, చక్కెర). అయినా బరువు తగ్గితే మూడింతలు. అప్పటికీ తగ్గితే ఏం చేయాలో నిబంధనలో లేదు గనుక పై ఆఫీసుకు ఉత్తరం రాశారు.

"ఇది తిన్నప్పుడల్లా కడుపు పట్టుకుని ఏడుస్తోంది దీదీ," అంది రమణీక్.

"తినకుండా ఒళ్లెలా వస్తుంది? ఇక్కడ సంతకం పెట్టు," అంది అంగన్‌వాడీ నిర్మలా దీదీ.

ఇంట్లో అత్తగారు ఇంకో మెట్టు ఎక్కింది. "మా వంశంలో గోధుమ పడనివాళ్లు లేరు. మీ పుట్టింటోళ్ల కడుపులేమో అడుగు."

నాలుగేళ్లలో నలుగురు డాక్టర్లు చూశారు. ఒకాయన నులిపురుగులన్నాడు, ఒకాయన రక్తహీనతన్నాడు, ఒకాయన క్షయకు మందులిచ్చాడు. నాలుగో ఆయన రొట్టెకు నెయ్యి బాగా రాయమన్నాడు. అయిదో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది, లోపలికి గొట్టం వేయించి చూసింది. సీలియాక్ జబ్బన్నది.

"గోధుమ పూర్తిగా మానెయ్యాలమ్మా. జీవితాంతం."

"నా చేత్తోనే తినిపించాను డాక్టర్ జీ, నాలుగేళ్లు," అంది రమణీక్. ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

మక్కరొట్టె, అన్నం మొదలయ్యాయి. అయిదు నెలల్లో పిల్ల మూడు కిలోలు పెరిగింది. పంజీరీ మాత్రం రమణీక్ నెలనెలా తెస్తూనే ఉంది, ఎందుకంటే సంతకం పెట్టకపోతే పేరు కొట్టేస్తారు, పేరు కొట్టేస్తే బరువు తూచరు. తెచ్చిందంతా గేదె తినేది (గేదె కూడా బాగా ఒళ్లు చేసింది. దానికి రిజిస్టరు లేదు).

తూకం రోజున పోషణాధికారి తర్లోచన్ సింగ్ వచ్చి లెక్క చూసి ముచ్చటపడ్డాడు.

"మానేశాకే పెరిగింది సర్దార్జీ," అంది రమణీక్.

"మానేసినట్టు ఎక్కడుంది బీబీ? ప్రతి నెలా మూడింతలు ముట్టినట్టు సంతకం నీదే కదా." ఆయన కోప్పడలేదు. జప్లీన్‌ను నవ్వమని ఫోటో తీసుకుని వెళ్లాడు.

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఇకపై ఎర్ర గడిలోని పిల్లలందరికీ మొదటి నెల నుంచే మూడింతలు.

కొత్త పొట్లాలు పంచిన రోజు పక్కవీధి మన్‌రూప్ తన రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ఆ పిల్లవీ పుల్లల్లాంటి కాళ్లు, ఉబ్బిన పొట్టే. పంజీరీ నోటిదాకా తెస్తే మొహం తిప్పుకుంటోంది. రమణీక్ ఆమె చేయి పట్టుకుని, గోధుమ సంగతి, పరీక్ష సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. మన్‌రూప్ అంతా ఓపిగ్గా విని, పొట్లం మీద అచ్చేసిన ఫోటోలో నవ్వుతున్న జప్లీన్‌ను చూపించింది.

"మరి ఇదెవరు భైణ్‌జీ?"