సెప్టిక్ లేని బ్లాకు

"సెప్టిక్ అనే మహమ్మారి మన బ్లాకులో ఎంతమందిని పట్టిందో లెక్క తేల్చిన నాడే ప్రజారోగ్యానికి తెల్లవారుతుంది!" అని 1963లో మా ఆఫీసరు గారు సెలవిచ్చారు. తెల్లవార్చే పని మాత్రం గుమాస్తానైన నాకు అప్పజెప్పారు.

నార్కట్‌పల్లి దాటాక పన్నెండు ఊళ్ళు. నెల రోజులు ఇల్లిల్లూ తిరిగాను. గాయం చీము పట్టి, ఆ విషం రక్తంలోకెక్కి మంచం పట్టినవాళ్ళను వెతికి వెతికి రాశాను. ముల్లు దిగినవాళ్ళు, కొడవలి తెగినవాళ్ళు, కాన్పయిన ఆడవాళ్ళు. మొత్తం నలభై ఒక్క మంది! ఇంత మంచి లెక్క తెచ్చినందుకు శభాష్ అంటారనుకున్నాను. నా తెలివి అట్లా తెల్లారింది.

"ఏమయ్యా, ఇందులో డాక్టరు నిర్ధారించినవి ఎన్ని?"

"మన దవాఖానలో డాక్టరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ కదండీ!"

"నిర్ధారణ కానిది సెప్టిక్ కాదు. ఉత్త జ్వరం. దిద్దు!"

దిద్దాను. ఒక్క ఎర్ర సిరా గీతతో నలభై ఒక్క మందికి సెప్టిక్ నయమైంది. ఏ వైద్యుడికుంది ఇంత హస్తవాసి! పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం వచ్చింది. సెప్టిక్ లేని బ్లాకుకు పెన్సిలిన్ అనవసరం గనుక ఉన్న సీసాలన్నీ వాపసు పంపాలట. కాంపౌండరు కాటమయ్య జాగ్రత్తగా మూటగట్టి పంపేశాడు.

వారం తిరక్కముందే రాజమణి అనే ఆవిడ ఎడ్లబండితో ఆఫీసు వాకిట్లో దిగింది. బండిలో ఆమె భర్త ధర్మయ్య ఉన్నాడు, నేతపనివాడు. మగ్గం గుంటలో తొక్కుడు చెక్క పేడు పాదంలో దిగి, కాలు మోకాలిదాకా వాచింది.

"లెక్కల సారూ, గీ రోగం గురించే ఇల్లిల్లు అడుక్కుంట పోతివి గద! జర సూది మందు ఇప్పియ్యి. ఒళ్ళు కాలిపోతాంది, నన్ను గూడ గుర్తు పడ్తలేడు."

కాటమయ్య ఖాళీ బీరువా తెరిచి చూపించి, బ్లాకులో సెప్టిక్ లేదని రాసినందుకు మందంతా వాపసు పోయిందని ఆమెకు చెప్పాడు. నేను లోపలికి పరుగెత్తాను. ఆఫీసరు గారు కుర్చీలోంచి లేవలేదు. లేవలేరు! ప్రశంసాపత్రం అందుకోవడానికి తొడిగిన కొత్త బూటు కరిచి, కాలి బొటనవేలు వంకాయలా నిగనిగలాడుతోంది. మనిషి గజగజా వణుకుతున్నారు.

"జ్వరం... ఉత్త జ్వరమే," అన్నారు పళ్ళు టకటకలాడుతుంటే. "పట్నం పోవాలి. జీపు తెప్పించు."

జీపు వచ్చింది. రాజమణి దానికి అడ్డంగా నిలబడింది.

"మా ఇంటాయనను గూడ ఎక్కించుకోండ్రి సారూ."

"ఇది సర్కారు జీపమ్మా! రోగుల్ని ఎక్కించరాదు!"

"రోగమెక్కడిది సారూ? గీ బ్లాకుల రోగమే లేదని మీరే రాస్తిరి గద! మీకెంత జ్వరమో మా ఇంటాయనకు గంతే!"

ఆఫీసరు గారు వెనక సీటు వైపు చెయ్యి ఊపారు. ధర్మయ్యను వెనక సీట్లో పడుకోబెట్టాం. దారి పొడుగునా ఆ వాచిన కాలు నా ఒళ్ళోనే ఉంది. ఎర్ర గీత గీసిన చేత్తో దాన్ని పట్టుకోవడానికి నాకు సిగ్గేసింది.

పట్నంలో డాక్టరు ఒక్క చూపు చూసి ఇద్దరి చీటీల మీదా "సెప్టిక్" అని రాసి, ఇద్దరికీ పెన్సిలిన్ పొడిచాడు. పక్కపక్కనే మంచాలు. నాలుగో రోజు ధర్మయ్య కళ్ళు తెరిచి "రాజమణీ" అని పిలిస్తే నా ప్రాణం కుదుటపడింది. పదో రోజుకు ఇద్దరూ లేచి కూచున్నారు.

ధైర్యం తెచ్చుకుని ఆఫీసరు గారిని అడిగాను. "ఇప్పుడు డాక్టరు నిర్ధారించాడు కదండీ! మన లెక్కలో రెండు అని రాయనా? పెన్సిలిన్ అయినా వస్తుంది."

"ఎక్కడ నిర్ధారించాడు?"

"పట్నంలో."

"అయితే అవి పట్నం లెక్క. మనకు సున్నాయే!"

మరుసటి నెల పట్నం పెద్దలు తమ లెక్కలో సెప్టిక్ పెరిగిందని కంగారుపడి, దాన్ని రూపుమాపిన అనుభవజ్ఞుడిని ఉపన్యాసానికి పిలిచారు. మా ఆఫీసరు గారు కుంటుకుంటూ వెళ్ళి గంటసేపు మాట్లాడారు. చప్పట్లు మోగాయట.

ఆ ఉపన్యాసం రాసిచ్చింది నేనే!